క్రిముల కోరం



రోగం తెచ్చే క్రిమి మన ఒంట్లో అడుగుపెట్టిన క్షణం నుంచే విషం కక్కడం మొదలుపెడుతుందని మనలో చాలామంది అనుకుంటాము. పాము కాటేసినట్లు, తేలు కుట్టినట్లు. శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం దాదాపు అలాగే అనుకున్నారు. బాక్టీరియా అనేది ఒంటరి జీవి, చెవిటిది, మూగది. తిని రెండుగా చీలడం, మళ్ళీ తిని మళ్ళీ చీలడం తప్ప దానికి వేరే పని తెలియదు అన్నది వారి అభిప్రాయం.

గడచిన యాభై ఏళ్ళలో ఆ అభిప్రాయం తారుమారైంది. రోగకారక క్రిములలో చాలా జాతులు విషాన్ని ఎప్పుడు బయటికి తీయాలో, ఎప్పుడు దాచాలో లెక్క చూసుకొని మరీ నిర్ణయించుకుంటాయని తేలింది. ఆ లెక్క దేనిది? తమ చుట్టూ తమవాళ్ళు ఎంతమంది ఉన్నారన్న లెక్క.

సంఘ కమిటీ కూటాలకు వెళ్ళే అలవాటున్నవారికి 'కోరం' అనే మాట బాగా తెలుసు. నియమావళిలో రాసినంతమంది రానిదే తీర్మానం చెల్లదు. పదిమంది రావలసినచోట ముగ్గురే వస్తే కార్యదర్శి గారు మినిట్స్ పుస్తకం మూసేసి టీ తెప్పిస్తారు. 1994లో ఫుక్వా, వైనన్స్, గ్రీన్‌బర్గ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులు ఈ మాటనే తీసుకొని, క్రిముల లెక్కకు 'కోరమ్ సెన్సింగ్' అని పేరు పెట్టారు. ఆ పేరే స్థిరపడింది.

అయితే ఈ సంగతి మొదట బయటపడింది ఏ రోగం దగ్గరా కాదు, సముద్రంలో మెరిసే ఒక సాధు బాక్టీరియా దగ్గర. దాని పేరు విబ్రియో ఫిషెరి. హవాయి దీవుల దగ్గర బొటనవేలంత స్క్విడ్ ఒకటి ఉంది, మెత్తటి సముద్ర జీవి. రాత్రిళ్ళు వేటకు వస్తుంది. వెన్నెలలో దాని నీడ కింద ఉన్న శత్రువుకు కనబడితే ప్రాణం పోతుంది. అందుకని ఈ బాక్టీరియాను తన పొట్ట అడుగున ఒక సంచిలో పెంచుకుంటుంది. అవి వెలుగుతాయి. పైనుంచి వెన్నెల, కిందినుంచి ఈ వెలుగు, నీడ కనబడదు. తెల్లవారగానే వాటిలో నూటికి తొంభైకి పైగా బయటికి వదిలేస్తుంది. మిగిలినవి సాయంత్రానికి మళ్ళీ పెరిగి నిండుకుంటాయి. విడిగా సముద్రపు నీటిలో తేలుతున్నప్పుడు ఇవే బాక్టీరియా వెలగవు.

1970లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ నీల్సన్, టెర్రీ ప్లాట్, వుడ్‌లాండ్ హేస్టింగ్స్ ఇలాంటి వెలిగే బాక్టీరియాను సీసాలో పెంచి చూశారు. మొదటి కొన్ని గంటలు అవి పెరుగుతున్నాయే గాని వెలుగు లేదు. సంఖ్య ఒక హద్దు దాటగానే అన్నీ కలిసి ఒక్కసారి వెలిగాయి. బాగా పెరిగిన సీసాలోని ద్రవాన్ని వడకట్టి, కొద్దిపాటి కొత్త బాక్టీరియాలో పోస్తే అవి కూడా తొందరగా వెలిగాయి. అంటే ఆ ద్రవంలో ఏదో కబురు ఉన్నదన్నమాట. చాలామంది నమ్మలేదు. క్రిములు కబురు పంపుకోవడమేమిటి అన్నారు. ఆ కబురు మోసే రసాయనం ఏదో 1981లో తెలిసింది; దాన్ని తయారుచేసే జన్యువు, గుర్తుపట్టే జన్యువు 1983లో దొరికాయి.

ఈ సంగతి మా యౌవనుల కూటంలో చెబుతుంటే ఇంటర్ చదివే ఒక అమ్మాయి లేచి, "పాస్టరుగారూ, నోరూ చెవీ లేనివాటికి మాటలేమిటండీ?" అని అడిగింది. మంచి ప్రశ్న. "అమ్మా, మీ వీధిలో ఒక్క ఇంట్లో చేపలు వేపితే ఆ వాసన పక్కింటికి చేరేసరికే పలచబడుతుంది. అదే వీధి వీధంతా వేపుతుంటే? ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. అందరూ వండుతున్నారని ముక్కే చెబుతుంది" అన్నాను. క్రిముల మాట అంటే ఇంతే. ప్రతి క్రిమీ ఒక చిన్న రసాయనాన్ని కొద్దికొద్దిగా బయటికి వదులుతూ ఉంటుంది. క్రిములు తక్కువుంటే అది కొట్టుకుపోతుంది. ఇరుకైన చోట కోట్లుగా పెరిగినప్పుడు అది చిక్కబడుతుంది. అప్పుడు క్రిమిలో ఉండే ఒక ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టు వల్ల కొన్ని జన్యువులు తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి. దీని వెనక ఆలోచన, కుట్ర ఏమీ లేవు. 'మాట', 'నిర్ణయం' అని నేను వాడేవి మన సౌలభ్యం కోసమే.

ఇప్పుడు రోగాల సంగతి చూద్దాం. కాలిన గాయాల వార్డులో పనిచేసిన నర్సులకు సూడోమోనాస్ అనే క్రిమి పేరు చెప్పనక్కరలేదు. గాయం మీద నీలం కలిసిన ఆకుపచ్చ చీము కనబడితే అది దాపురించిందని వారికి తెలుస్తుంది. ఆ రంగును, కండను కరిగించే ఎంజైములను ఈ క్రిమి కోరం కుదిరాకనే ఎక్కువగా తయారుచేస్తుంది. ఎందుకంత ఓపిక? వందో వెయ్యో ఉన్నప్పుడే విషం వదిలితే గాయానికి పెద్ద నష్టమేమీ జరగదు గాని, మన రక్తంలోని తెల్లకణాలకు మాత్రం తెలిసిపోతుంది. అవి వచ్చి ఆ కొద్దిపాటి క్రిములను మింగేస్తాయి. చడీచప్పుడు లేకుండా పెరిగి, బలం చేకూరాక ఒక్కుమ్మడిగా బయటపడితే తట్టుకోవడం మనకు కష్టం. ఈ కబురును గుర్తుపట్టే జన్యువును తీసేసిన సూడోమోనాస్‌ను కాలిన గాయాలున్న ఎలుకలకు ఎక్కిస్తే రోగం బాగా తగ్గినట్లు పరిశోధనల్లో తేలింది.

చీముగడ్డలు తెచ్చే స్టఫిలోకాకస్ తీరు కూడా ఇలాంటిదే. కొద్దిగా ఉన్నప్పుడు కణాలకు అతుక్కునే జిగురు ప్రోటీన్లు చేసుకుంటుంది. గుంపు అయ్యాక జిగురు తగ్గించి విషాలు వదులుతుంది. న్యూయార్కులో రిచర్డ్ నోవిక్ బృందం 1997లో ఒక విచిత్రం చూసింది. ఈ క్రిమిలో నాలుగు తెగలున్నాయి. ఒక తెగ వదిలే కబురు సొంత తెగలో విషపు జన్యువులను తెరుస్తుంది గాని, పై తెగవాళ్ళలో వాటిని మూసేస్తుంది. ఒకే జాతి, ఒకే రకం రసాయనం, అయినా ఒకరి పిలుపు ఇంకొకరికి నోరు మూయించే ఆజ్ఞ. మందులు వెతికేవారికి ఇక్కడొక ఆశ పుట్టింది. దాని సంగతికి మళ్ళీ వస్తాను.

అన్నిటిలోకీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది కలరా. తెలంగాణలో దీన్ని గత్తర అనేవారు. కోస్తాలో మరిడి అన్నారు, వాంతిభేది అన్నారు. పేరు ఎత్తడానికే భయపడిన తరం వాళ్ళు మన ఇళ్ళలో ఉండేవారు. ఆ క్రిమిని 1854లో ఇటలీలో పాచీని చూశాడు. 1884లో రాబర్ట్ కోచ్ కలకత్తాలో దాన్ని విడిగా పెంచి రోగానికి కారణం ఇదేనని చెప్పాడు. అయితే అది మనిషిని ఎలా చంపుతుందో తేల్చినవాడు బెంగాలీ వైద్యుడు శంభునాథ్ డే. 1959లో ఆయన కలరా క్రిములు పెరిగిన ద్రవాన్ని వడకట్టి, ఒక్క క్రిమి కూడా లేకుండా చేసి, కుందేలు పేగులో ఒక ముక్కను రెండుపక్కలా కట్టి అందులోకి ఎక్కించాడు. పేగు నీటితో ఉబ్బిపోయింది. చంపేది క్రిమి కాదు, అది వదిలే విషం అని దానితో తెలిసింది. అంత పెద్ద పని చేసిన ఆయన పేరు మన పిల్లల పాఠాల్లో ఎందుకు ఇంత అరుదో నాకు అర్థం కాదు.

ఈ విషం పేగు గోడలోని కణాల్లోకి దూరి ఉప్పును బయటికి వదిలే తలుపును బార్లా తెరిచేస్తుంది. ఉప్పు వెంట నీరు పోతుంది. రోగం ముదిరితే గంటకు లీటరు వరకు పోవచ్చు. ఉదయం ఆరోగ్యంగా ఉన్న మనిషి సాయంత్రానికి పోయేది ఇందువల్లనే.

మరి ఈ విషానికి కోరం ఎప్పుడు? సూడోమోనాస్‌ను చూసినవారు, కోట్లుగా పెరిగాకనే కలరా విషం వదులుతుందని అనుకుంటారు. తీరా చూస్తే ఇది తలకిందులు. 2002లో ప్రిన్స్‌టన్‌లోని బోనీ బాస్లర్, హార్వర్డ్‌లోని జాన్ మెకలానోస్, వారి సహచరులు కలిసి చూపించినది ఏమిటంటే, కలరా క్రిమి కొద్దిమందిగా ఉన్నప్పుడే విషాన్ని, పేగుకు అతుక్కునే నూగును తయారుచేస్తుంది. గుంపు నిండగానే ఆపేస్తుంది!

ఎలాగంటే, ఈ క్రిమి ముఖ్యంగా రెండు కబుర్లు వదులుతుంది. ఒకటి సీఏఐ-1, దాదాపుగా విబ్రియో కుటుంబానికే చెందిన సొంత భాష. రెండోది ఏఐ-2, ఎన్నో జాతుల బాక్టీరియా వదిలేది, నలుగురికీ తెలిసిన బజారు భాష అనుకోండి. రెండూ చిక్కబడినప్పుడు క్రిమి లోపల హ్యాప్‌ఆర్ అనే ప్రోటీన్ తయారవుతుంది. అది విషపు జన్యువులను తెరిచే వరుసలో మొదటి తాళాన్నే వేసేస్తుంది. అంతటితో ఊరుకోదు. ఒక ఎంజైమును తయారుచేయిస్తుంది. ఆ ఎంజైము పేగు గోడకు ఉన్న పట్టును వదిలించుకోవడానికి క్రిమికి సహాయపడుతుంది. ఇక క్రిములు నీళ్ళ విరేచనంతో కలిసి బయటికి పోతాయి.

మొదట చదివినప్పుడు ఇది నాకు వింతగా తోచింది. గెలుస్తున్నప్పుడు ఆయుధం దింపడమేమిటి? అయితే ఈ రోగం నడిచే దారి గుర్తుచేసుకుంటే అర్థమవుతుంది. సూడోమోనాస్‌కు గాయమే ఇల్లు, నెలల తరబడి అక్కడే ఉండగలదు. కలరాకు మనిషి పేగు ఒక మజిలీ మాత్రమే. అది చేరవలసినది తరువాతి చెరువు, తరువాతి మనిషి. పేగులో స్థిరపడడానికి మొదట విషం కావాలి. సంఖ్య పెరిగాక వెళ్ళిపోవడానికి దారి కావాలి. ఆ దారిని విషం ముందే సిద్ధం చేసి ఉంచింది, అదే ఆ విరేచనం. రోగి నుంచి పోయే ఒక్క మిల్లీలీటరు నీటిలో కోట్ల క్రిములుండవచ్చు. అలా అప్పుడే బయటికి వచ్చినవి, ప్రయోగశాలలో పెంచిన వాటికంటే చాలా సులభంగా రోగం అంటించగలవని కూడా 2002లోనే తేలింది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. కలరా తెచ్చే కొన్ని రకాలలో హ్యాప్‌ఆర్ జన్యువు చెడిపోయి ఉంది. అయినా అవి మనుషులను పడగొట్టాయి. కాబట్టి ఈ లెక్క ఒక్కటే కలరా కథంతా కాదు. ఆ విషపు జన్యువు కూడా క్రిమికి పుట్టుకతో వచ్చిన ఆస్తి కాదు. ఒక వైరస్ మోసుకొచ్చి పెట్టినదని 1996లో వాల్డర్, మెకలానోస్ కనుగొన్నారు.

పేగులో కలరా ఒక్కటే ఉండదు కదా. మనతో కాపురముండే మంచి క్రిములు అక్కడ లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ బజారు భాష వాటికీ వచ్చు. ఢాకాలో కలరా వచ్చి కోలుకున్నవారి పేగుల్లో ఏయే క్రిములు ఎప్పుడు తిరిగి పెరిగాయో పరిశీలించి, అమెరికాలోని జెఫ్రీ గోర్డన్ బృందం, బంగ్లాదేశ్ వైద్యులు కలిసి 2014లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో ఒకటి, అప్పట్లో రూమినోకాకస్ ఒబియమ్ అని పిలిచినది, కలరా వచ్చిపడగానే ఏఐ-2 తయారీ పెంచుతుంది. ఆ కబురు చిక్కబడితే కలరా క్రిమిలో విషపు జన్యువులు అణుగుతాయి. ఎలుకల్లో ఈ మంచి క్రిమి ఉన్నచోట కలరా సరిగా నిలదొక్కుకోలేకపోయింది.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఫేపింగ్ డువాన్, జాన్ మార్చ్ 2010లో ఇంకో అడుగు ముందుకు వేశారు. 1917లో జర్మన్ వైద్యుడు నిస్లే, తోటివారంతా విరేచనాలతో పడిపోయినా తనకేమీ కాని ఒక సైనికుడి నుంచి తీసిన సాధు ఈ.కోలై రకం ఒకటుంది. దానికి కలరా సొంత భాషను, అంటే సీఏఐ-1 తయారీని నేర్పించారు. ఎనిమిది గంటల ముందు దాన్ని తాగించి, తరువాత కలరా ఇచ్చిన ఎలుక పిల్లల్లో నూటికి 92 బతికాయి. కలరా క్రిమి లోపలికి రాగానే, అప్పటికే ఊరు నిండిపోయిందని మోసపోయిందన్నమాట. అయితే రెండింటినీ ఒకేసారి ఇచ్చినప్పుడు లాభం చాలా తక్కువ. ఇది ఎలుకల మాట, మనుషులకు ఇంకా మందు కాలేదు.

చంపకుండా కబురు చెడగొట్టే మందు మీద ఇంత ఆశ ఎందుకు? యాంటీబయాటిక్ క్రిమిని చంపుతుంది. చావనివి నాలుగు మిగిలితే అవే పిల్లలు పెడతాయి, ఆ పిల్లలకు మందు పనిచేయదు. పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగే ఈ ప్రమాదం గురించి 1945లో హెచ్చరించాడు. జలుబుకూ జ్వరానికీ షాపులో అడిగి తెచ్చుకొని, రెండు మాత్రలు వేసుకొని, మిగిలినవి అలమారలో దాచిపెట్టే మన ఇళ్ళలో ఆ హెచ్చరిక ఎవరు విన్నారు? కబురు చెడగొడితే క్రిమి చావదు, విషం మాత్రం వదలదు. అప్పుడు మందుకు లొంగని రకం పుట్టే తొందర తగ్గవచ్చునని శాస్త్రజ్ఞుల ఆశ. ఆస్ట్రేలియా తీరంలోని డెలీసియా అనే ఎర్రని సముద్రపు నాచు ఈ పని తనంతట తానే చేస్తుంది. బాక్టీరియా కబురును పోలిన పదార్థాలు వదిలి, తన మీద అవి పాచిగా పేరుకోకుండా చూసుకుంటుంది. వాటిని మందుగా మార్చాలని చూశారు గాని, మన కణాలకు అవి హానికరమయ్యాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. క్రిముల గుంపులోనూ పిలుపుకు పలకనివి ఉంటాయి. మిగతావి ఎంజైములు చేస్తుంటే ఇవి తినడానికి మాత్రం ముందుంటాయి. (ఏ కమిటీలో లేరు చెప్పండి, టీ వేళకు వచ్చేవాళ్ళు!) దీర్ఘకాలం ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న రోగుల్లో ఇలాంటి చెవిటి సూడోమోనాస్ తరచుగా దొరుకుతుంది. కబురుకే చెవినివ్వని క్రిమి ముందు, కబురు చెడగొట్టే మందు ఏం చేస్తుంది? రెండు దశాబ్దాలకు పైగా వెతుకుతున్నా ఈ రకం మందు ఏదీ ఇంకా మన వైద్యుల చీటీ మీదికి రాలేదంటే కారణాలు ఇలాంటివే.

అందాకా మన చేతిలో ఉన్నది చిన్నదేమీ కాదు. కలరా క్రిమి చాలావరకు తనంతట తానే వెళ్ళిపోతుందని చూశాము. కొద్ది రోజులు రోగి ఒంట్లో నీరు నిలిపితే చాలు, ప్రాణం దక్కుతుంది. విషం ఉప్పును బయటికి పంపే తలుపు తెరిచింది గాని, పంచదారతో కలిసి ఉప్పు లోపలికి వచ్చే తలుపును ముట్టుకోలేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంలో బొన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ తలుపునే వాడుకున్నాడు. గ్లూకోజు, ఉప్పులు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి, రోగుల వెంట వచ్చినవారి చేతనే తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు నాలుగుకంటే తక్కువకు దిగాయి. 2022లో ఆయన కన్నుమూశాక, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

కనుక తల్లులారా, పిల్లవాడికి నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే మొదట వెతకవలసినది మాత్రల డబ్బా కాదు, ఓఆర్ఎస్ ప్యాకెట్టు. ప్యాకెట్టు మీద రాసినంత మంచినీటిలో మొత్తం పొడి కలపాలి. అది దొరకని చోట, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువ కాకూడదు. వాంతి అయినా పది నిమిషాలు ఆగి మళ్ళీ కొద్దికొద్దిగా పట్టండి. చంటిపిల్లలకు తల్లిపాలు మానిపించవద్దు. కళ్ళు లోతుకుపోయినా, మూత్రం ఆగినా, మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా దారి పొడుగునా తాగిస్తూనే ఆసుపత్రికి తీసుకుపోండి. తీవ్రమైన కలరాలో వైద్యులు యాంటీబయాటిక్ ఇస్తారు, దానితో విరేచనాలు తొందరగా తగ్గుతాయి. అది వారు చూసి ఇవ్వవలసినది.

మరో ఉపాయం. చెరువు నీటిలో కలరా క్రిములు ఎక్కువగా ఒంటరిగా తేలవు. కంటికి కనబడీ కనబడని నీటిపురుగుల ఒంటి మీద గుంపులుగా అతుక్కొని ఉంటాయి. రీటా కాల్వెల్, అన్వర్ హక్, వారి సహచరులు బంగ్లాదేశ్‌లో 65 గ్రామాల్లో చేసిన పరిశోధన ఫలితాలు 2003లో వచ్చాయి. పాత నూలు చీరను మడతలు పెట్టి బిందె మూతికి కట్టి నీళ్ళు వడకట్టుకున్న ఊళ్ళలో కలరా 48 శాతం తగ్గింది. కొత్త చీర కంటే పాతది మేలు. ఉతికి ఉతికి దారాలు మెత్తబడి సందులు ఇరుకవుతాయి. కనీసం నాలుగు మడతలుండాలి. కట్టెలో గ్యాసో ఉన్నవారు కాచుకోవడమే ఉత్తమం. లేనివారు, వరద రోజుల్లో చిక్కుకున్నవారు ఇది చేయవచ్చు. వడకట్టాక ఆ గుడ్డను వడకట్టిన నీటితోనే జాడించి, ఎండలో బాగా ఆరవేయాలి.